ఎలాదియో గారి ముక్కు మీద పడ్డ నింద

ఎలాదియో గారికి ఉన్నది ఒకటే అలవాటు. ఎదురుగా పళ్లెం కనిపిస్తే చాలు, తనదైనా పరాయిదైనా, నడుం వంచి వాసన చూడాల్సిందే. కుక్క కనిపిస్తే నిమిరేవాళ్లుంటారు, పసిపిల్ల కనిపిస్తే బుగ్గ గిల్లేవాళ్లుంటారు. ఈయన పళ్లెం కనిపిస్తే ముక్కు పెట్టేవాడు.

ఆయన మా సముద్రపు ఊరు కాలా రొమేరాకి రావడం మానేసి ఆరేళ్లయింది. మోకాళ్లు బస్సు మెట్లెక్కనివ్వడం లేదట. మనిషి రాకపోయినా ఆయన మీద పుట్టిన పుకారు మాత్రం ఊళ్లోనే స్థిరపడి, ఏటేటా ఒళ్లు చేస్తోంది. మందుల షాపు ఫ్వెన్సాంతా దగ్గరికి తలనొప్పి మాత్ర కోసం వెళ్లినా సరే, ఆ కథ వినకుండా మాత్ర చేతికి రాదు. "మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి తేనె కూడా ముట్టనన్నాడు చూడు, ఆ మాట నిజమేలే. నోటితో ముట్టలేదు. ముక్కుతో తిన్నాడు. పదిమంది పళ్లేల్లో చేపల్ని వాసనతోనే మింగేసి, గదికి పోయి జేబులోంచి ఎముక తీసి చీకేవాడు."

ఇందులో ఎముక ఒక్కటే నిజం. అది ఇప్పుడు నా కుట్టుపని డబ్బాలో ఉంది. మిగతాదంతా సరిచేయాలని ఇన్నేళ్లుగా నా నాలుక దురద పెడుతూనే ఉంది గానీ, ఒక మనిషికి మాటిచ్చి కూర్చున్నాను. ఆ మనిషే మొన్న క్రిస్మస్‌కి ఫోన్ చేసి, "ఇక చెప్పేసుకో ఎన్కార్నా అక్కా, లేకపోతే కడుపుబ్బి పోయేలా ఉన్నావు" అని సెలవిచ్చింది. అందుకని చెబుతున్నాను.

వేసవిలో మా ఊరు మాది కాదు. ఎవరెవరో వచ్చి తువ్వాళ్లు పరిచేసుకుంటారు. సెప్టెంబరు చివర్లో, కాస్త అరిగిపోయాక, మా ఊరు మాకు తిరిగిచ్చేస్తారు. ఐస్‌క్రీం కొట్టు కుర్చీలు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుంటాయి. హోటళ్లు కళ్లు మూసుకుంటాయి. ఇసకలో పక్షుల అడుగులు తప్ప ఇంకేం ఉండవు. అలాంటి జనవరిలో, పింఛనుదార్లని సర్కారు చవగ్గా సముద్రానికి తిప్పే బస్సులోంచి దిగాడు ఎలాదియో గారు. పొడుగాటి మనిషి, ఉన్ని టోపీ, మెడకి రెండు చుట్లు చుట్టిన మఫ్లరు, వీటన్నిటికంటే ముందు నడిచే ముక్కు. బస్సువాళ్లంతా తెరిచి ఉన్న ఒక్క హోటల్లోకి భోజనానికి పరుగెత్తితే, ఈయన గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, వెనక్కి తిరిగి ఫెర్మీన్ బార్‌లోకి వచ్చేశాడు. చలికాలం ఆ హోటలు కాక మా ఊళ్లో తెరిచి ఉండే తిండి కొట్టు అదొక్కటే.

"ఏం పెట్టమంటారు?" అన్నాడు ఫెర్మీన్.

"ప్రాణం లేనిదేదైనా పెట్టండి."

"మా వంటింట్లో ప్రాణం ఉన్నదేదీ ఉండదండీ. అన్నీ చచ్చినవే."

ముందు సలాడ్ వచ్చింది. ఎలాదియో గారు ముక్కు పెట్టి, "ఇందులో చేప ఉంది" అన్నాడు.

"చేప కాదండీ, డబ్బాలోది."

తర్వాత బాగా ఉడికిన బీన్స్ వచ్చాయి. మళ్లీ ముక్కు పెట్టాడు. "మాంసం లేదన్నారే."

"మాంసం ఎక్కడుంది? హామ్ ఉంది గానీ." ఫెర్మీన్ తప్పేం లేదు. పంది తొడ ముక్కలంటే మా దగ్గర మాంసం లెక్కలోకి రావు, అవి తాలింపు. "పోనీ ఎముక తీసేసి తెస్తాను. అది రుచికోసం వేసిందే, మిమ్మల్ని తినమనలేదు కదా."

చివరికి రొట్టె మీద టమాటా రుద్ది, నూనె పోసి తెచ్చాడు. అందులో ఇంకేం దాక్కునే చోటు లేదు. ఎలాదియో గారు కళ్లు మూసుకుని వాసన చూసి, మర్యాదగా పక్కకి జరిపాడు. "ఈ కత్తి పొద్దున్న చీజ్ కోసింది."

ఫెర్మీన్ వంటింటి కిటికీలోకి తిరిగి కేకేశాడు. "విసితా, పొద్దున్న ఈ కత్తి దేన్ని కోసింది?"

"చీజ్‌ని. ఏం?" అంది లోపల్నుంచి, వంట చేసే మా విసితా.

బార్‌లో డామినోలు ఆడుతున్నవాళ్లు కూడా చేతులాపేశారు.

ఆ సాయంత్రం ఆయన సముద్రపు గట్టు మీద ఒక్కడే కూర్చుంటే నేనూ పోయి కూర్చున్నాను. నేను చదివింది నాలుగో తరగతే గానీ, అడగడంలో మాత్రం మా ఊళ్లో నా అంత చదువుకున్నవాళ్లు లేరు. పొద్దు గుంకేలోపల అన్నీ రాబట్టాను. ఆయనది సలమాంకా కొండల్లో ఊరు. నలభై ఏళ్లు నేలమాళిగల్లో, దూలాలకి వేలాడే పంది తొడలు సరిగ్గా పండాయా లేదా అని చూసే ఉద్యోగం. చూడటమంటే కళ్లతో కాదు. చెక్కిన ఎముక సూది ఒకటి ఉంటుంది. దాన్ని తొడలోకి మూడుచోట్ల గుచ్చి, తీసి, ముక్కు కింద పెట్టుకోవాలి. ఒక్క లోపం వాసన తగిలినా ఆ తొడ పక్కకి పోవాల్సిందే. రోజుకి మూడొందల తొడలట. ఆయన ముక్కు ఔనంటే ఔను, కాదంటే యజమాని కూడా నోరెత్తేవాడు కాదట.

"మరి అంతటి మనిషి గడ్డి తినడం ఏమిటండీ?"

"పింఛను వచ్చిన రోజు భోజనానికి కూర్చున్నానమ్మా. పళ్లెంలో ఉన్న పంది 'మళ్లీ నువ్వేనా' అన్నట్టు చూసింది. ఇద్దరికీ విశ్రాంతి ఇద్దామనుకున్నాను."

"పంది సరే. చేప ఏం చేసింది? తేనెటీగ ఏం చేసింది?"

"ఒకళ్లని వదిలేసి ఇంకొకళ్లని పట్టుకోవడం బాగోదు కదా."

"ఏమీ తినని మనిషికి సముద్రంతో పనేంటి మరి?"

"డాక్టరు పంపాడు. నలభై ఏళ్లు మాళిగల గాలి పీల్చావు, ఇక సముద్రం గాలి పీల్చు అన్నాడు."

విసితాకి మొదట కోపం వచ్చింది గానీ, రెండోరోజుకే ఆయన కోసం అటక మీంచి ఒక గిన్నె వేరుగా తీసి, పిడికి ఎర్రదారం కట్టింది. అందులో శనగలు, గుమ్మడికాయ, చిక్కుళ్లు వేసి, రెండు బేరిపండ్లు కోసి కలిపి పులుసు పెట్టింది. వాళ్లమ్మమ్మ పెట్టే పులుసది. ఎలాదియో గారు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూసి చెంచా తీసుకున్నాడు. "ఇందులో ఎవరూ లేరు" అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట నేను వినలేదు. పదిహేను రోజులు అదే తిని, సముద్రాన్ని చూసి, బస్సెక్కి వెళ్లిపోయాడు. తర్వాతి ఏడు జనవరిలో మళ్లీ పదిహేను రోజులు.

అసలు గొడవ మూడో చలికాలంలో మొదలైంది.

ముందు విసితా సంగతి చెప్పాలి. ఆమెదీ నాదీ అప్పట్లో ఒకే గోడ. మొగుడు పోయాక ఆమెకి ఆధారం ఫెర్మీన్ వంటిల్లే, అదీ చలికాలం మాత్రమే. వేసవిలో ఫెర్మీన్ మరదళ్లిద్దరు కార్తహేనా నుంచి దిగి పొయ్యి ఆక్రమించేస్తారు. ఆ శరదృతువులో విసితాకి జ్వరం పట్టుకుని మూడు వారాలు మంచం దిగలేదు. లేచి పనిలో చేరిన నెలకే, ఆమె వండిన ఆల్చిప్పలు తిని ఇద్దరికి కడుపులు పాడయ్యాయి. ఫెర్మీన్ ఆమెని పిలిచి అందరి ముందూ అన్నాడు. "ఇంకొక్క కడుపు, విసితా. ఇంకొక్కటి పాడైతే చలికాలానికి వంటిల్లు మూసేస్తాను. కాఫీ, బ్రాందీ పోసుకుని బతుకుతాను." ఆ రాత్రి గోడ అవతల ఆమె ముక్కు చీదుకోవడం నాకు తెల్లవార్లూ వినపడింది.

జనవరిలో ఎలాదియో గారు దిగాడు. ఎర్రదారం గిన్నె వచ్చింది. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తలెత్తి వంటింటి కిటికీ వైపు చాలాసేపు చూశాడు. లేచి గిన్నెతో లోపలికి వెళ్లాడు, రొట్టె ముక్కతో వచ్చాడు, అదే తిన్నాడు. మర్నాడు తిరుగు బస్సు వద్దని చెప్పేసి, వలలు దాచే కొట్టం మీద గది అద్దెకి తీసుకున్నాడు, మార్చిలో సాన్ హోసే పండగ దాకా. అప్పట్నుంచే పక్కవాళ్ల పళ్లేల మీద పడ్డాడు.

"ఏమండీ, అది నా పళ్లెం" అంది ఫ్వెన్సాంతా, తన స్క్విడ్ మీద వాలిన ముక్కుని చూసి.

"తెలుసమ్మా. నాదైతే నాలుగు బల్లలు దాటి వచ్చేవాణ్ణి కాదు."

"తినాలనుంటే ఒకటి తెప్పించుకోండి."

"అయ్యో, నేను చేపలు తినను కదా" అని, ఆవిడ పక్కనున్న పోస్ట్‌మాన్ సార్డీన్ల మీదికి వంగాడు.

ముక్కుతో పోతే బాగుండేది. వారానికో పళ్లెం కింద పడేది. వంగి వాసన చూస్తాడు, లేస్తూ లేస్తూ మోచెయ్యి తగిలిస్తాడు, పళ్లెం నేలమీద. "క్షమించండి, ముసలి చేతులు. నా ఖర్చు మీద శనగల పులుసు తినండి" అంటాడు. బార్ పిల్లి పరుగున వచ్చి, కిందపడ్డ చేపని మూచూసి, తోకెత్తి వెళ్లిపోయేది. పిల్లిని కూడా తన దారికి తిప్పుకున్నాడని జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్లి ఎందుకు తినలేదని అడగాలని, ఊరందరినీ అన్నీ అడిగే నాకు తోచలేదు.

ఎముకని చూసింది ఫ్వెన్సాంతా. ఒకరోజు పొద్దున్నే చేపల కోసం బార్ వెనక సందులోంచి వెళ్తుంటే, వంటింట్లో ఎలాదియో గారు కళ్లు మూసుకుని నిలబడి, చేప పొట్టలోంచి ఎముక లాంటిదేదో లాగి, పరవశంగా ముక్కు కింద పెట్టుకున్నాడట. మధ్యాహ్నానికి ఊరికి తెలిసింది. సాయంత్రానికి ఆయన దాన్ని చీకుతున్నాడని తెలిసింది.

నాకు ఒళ్లు మండింది. ఆయన ముక్కు గురించి కాదు, విసితా గురించి. పళ్లేలు పగిలి, గిరాకీ సణిగితే ఫెర్మీన్ ఎవరి మీద పడతాడు? గట్టు దగ్గర పట్టుకున్నాను.

"మీరు తినకపోతే తినకండి. ఇతరుల తిండి మీద మీ పెత్తనం ఏమిటి? ఆమె ఉద్యోగం సన్నటి దారం మీద ఉంది. మీ మోచేతితో దాన్ని తెంపుతున్నారు."

ఆయన జేబులోంచి నిమ్మాకు తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సముద్రం ఇవాళ ఎంత బాగుంది ఎన్కార్నా గారూ" అన్నాడు.

ఫిబ్రవరిలో ఆయనకి జలుబు చేసింది. ముక్కు మిరపపండంత ఎర్రగా ఉంది. అది పనిచేయకపోతే ఆయన సగం మనిషే కదా, గదిలో పడుకుంటాడనుకున్నాం. సరిగ్గా భోజనాల వేళకి బార్ గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాడు.

"ఇవాళ ఎవరూ చేప తిదకండి."

మూడు చలికాలాల్లో ఆయన ఎవర్నీ ఏదీ మానమన్నది లేదు. "ఎందుకు తినకూడదు?" అన్నాడు ఫెర్మీన్.

"వాటికీ అబ్బలుంటారు."

"నిన్న కూడా ఉన్నారు కదండీ వాటికి అమ్మలు."

"ఇవాళే గుర్తొచ్చింది. అందరికీ శెదగల పులుసు, దా ఖర్చు."

ఊరికే వచ్చేది ఎవరు కాదంటారు? ఆ రోజు బార్ అంతా పులుసు తాగింది. రెండోరోజూ తాగింది. మూడోరోజు ఐసు మీద చేపలు అలాగే పడి ఉండటం చూసి ఫెర్మీన్ ముఖం ఆయన ముక్కు రంగులోకి వచ్చింది. "ఈయన రేపట్నుంచి నా గుమ్మం తొక్కితే, నేనే వంటింటికి తాళం వేస్తాను" అన్నాడు.

నేను తిన్నగా వంటింట్లోకి పోయాను. ఈ వేడుక మానమని ఆయనకి విసితా చేత చెప్పిద్దామని. ఆమె నాకు వీపు పెట్టి కూర్చుని, కూనిరాగం తీస్తూ బేరిపండ్లు చెక్కు తీస్తోంది. పక్కన కప్పులో పాల కాఫీ. గుమ్మంలోకే కొట్టింది నాకు పులిసిపోయిన పాల కంపు. ఆమె కప్పెత్తి హాయిగా గుటక వేసింది. వెనక పొయ్యి మీద వెల్లుల్లి నల్లగా మాడి పొగ లేస్తోంది.

"విసితా, వెల్లుల్లి ఎలా వేగుతోంది?" అన్నాను.

"బాగా వేగుతోంది అక్కా" అంది, తల తిప్పకుండా.

నేను పొయ్యి ఆర్పి, ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె పొగ చూసింది, నన్ను చూసింది, కత్తి కింద పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"ఆ జ్వరం తగ్గినప్పట్నుంచి. గులాబీకీ కుళ్లిన గుడ్డుకీ నాకు తేడా పోయిందక్కా."

"ఆయనకి తెలుసా?"

"మొదటి రోజే. గుమ్మడికాయ మురిగింది, నాకు తెలియలేదు. లోపలికొచ్చి, 'నీకు వాసన ఆనడం లేదు కదమ్మా' అని చెవిలో అన్నాడు. ఫెర్మీన్‌తో చెబుతారా అన్నాను. 'నేను పందుల లోపాలు బయటపెట్టేవాణ్ణి, మనుషులవి కాదు' అన్నాడు. రోజూ తెల్లారకముందే వెనక తలుపు దగ్గరికొచ్చి ప్రతి చేపనీ గుచ్చి చూస్తాడు. ఆయనకి ఆ వాసనంటే ప్రాణం పోతుంది, నిమ్మాకు లేకపోతే నిలబడలేడు. ఆయన షికారు పోయాక ఫెర్మీన్ ఏదైనా తెచ్చి పడేస్తే మాత్రం తప్పించుకుని బల్ల మీదికి పోతుంది."

"అప్పుడు మోచెయ్యి" అన్నాను.

"అప్పుడు మోచెయ్యి" అంది విసితా, ఏడుస్తూ నవ్వుతూ. "ఇప్పుడు ఆ ముక్కు మూసుకుపోయింది. ఏ చేప ఎలా ఉందో ఆయనకీ తెలియదు. అందుకే అందరి చేతా మాన్పిస్తున్నాడు. అక్కా, నోరు జారకు."

మా ఊళ్లో నన్ను అలా అడగడమంటే, గాడిదని గోడెక్కమని అడగడమే. అయినా మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఐసు మీది చేపల పెట్టెలన్నీ ఆయన ఎముక సూదితో నేనే గుచ్చి చూశాను. ఎలాదియో గారు కంబళి కప్పుకుని సందులో కూర్చుని, గొంతు పెగలకపోయినా పాఠం చెప్పాడు. ముందు ఊపిరంతా వదిలెయ్యాలట, ముక్కుతో తొందరపడకూడదట, అనుమానం ఉందంటే అనుమానం లేనట్టేనట, పారెయ్యాలట. మధ్యాహ్నం కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల్నుంచి వచ్చే ప్రతి పళ్లెమూ నా ముక్కు కిందినుంచే వెళ్లింది.

"నీకేం పుట్టింది పెద్దమ్మా?" అన్నాడు ఫెర్మీన్.

"అసలు ఆయనకి ఇందులో ఏం కనిపిస్తుందో తెలుసుకుందామని."

అంతే, ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నేను తెలుసుకుందామనుకున్నానంటే మా ఊళ్లో అది చాలినంత కారణం. మూడోనాడు ఫెర్మీన్ దారిలో కొని తెచ్చిన బంగడా చేప ఒకటి నా మోచెయ్యి తగిలి కింద పడింది. పిల్లి వచ్చి, మూచూసి, నా వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఉద్యోగం వచ్చినంత సంబరమైంది నాకు. అయిదోనాటికి ఆయన ముక్కు విడిచింది. ముసలాయన్ని గుమ్మం తొక్కనివ్వకపోతే నేనూ తొక్కనన్నాను. నేను రాకపోతే బార్‌లో కబుర్లుండవు, కబుర్లు లేకపోతే కాఫీలుండవు. ఫెర్మీన్ సణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆరు చలికాలాలు, సమాధుల మీద పూలు పెట్టే నవంబరు పండక్కి వచ్చేవాడు, సాన్ హోసేకి వెళ్లేవాడు. పొద్దున్న వెనక తలుపు, మధ్యాహ్నం పళ్లేలు, సాయంత్రం గట్టు మీద నా పక్కన, మోకాళ్ల మీద కంబళి, చేతిలో నిమ్మాకు. ఇద్దరం సముద్రాన్ని చూస్తూ గంటలు గడిపేవాళ్లం. నేను అంతసేపు ప్రశ్నలడక్కుండా కూర్చున్నది నా పెళ్లిరోజు చర్చిలో తప్ప అక్కడే. ఆ ఏళ్లన్నిటిలో ఫెర్మీన్ బార్‌లో ఒక్క కడుపూ పాడవలేదు. అదంతా తను కొన్న కొత్త ఐసు పెట్టె మహిమని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆఖరి ఏడు మోకాళ్లు ఇక రానివ్వవని ఆయనకి తెలుసు. బయల్దేరే ముందురోజు సాయంత్రం గట్టు మీద, ఆ ఎముక సూదిని నిమ్మాకులో చుట్టి నా ఒళ్లో పెట్టాడు.  నేను దాన్ని జేబులో వేసుకున్నాను. అప్పట్నుంచి మొన్న విసితా పని మానేసి ఊరు వదిలి వెళ్లేదాకా, ఆ సూదితో చేపలు గుచ్చిందీ, పళ్లేలు వాసన చూసిందీ నేనే, ఊళ్లో జనం నన్ను కూడా ఎన్నన్నారో నాకు తెలుసు.

మర్నాడు బస్సు దగ్గరికి బార్ మొత్తం కదిలొచ్చింది. విసితా ఎర్రదారం గిన్నెని గుడ్డలో కట్టి, దారిలో తినమని తెచ్చింది. ఆయన రెండో మెట్టు మీద ఉండగా ఫ్వెన్సాంతా ఇక ఆగలేకపోయింది.

"ఎన్కార్నా, నువ్వడుగు. ఏడేళ్లుగా ఊరంతా అనుకుంటోంది. నువ్వడిగితే ఆయన కాదనడు."

ఫెర్మీన్ కూడా చెవులు ముందుకి పెట్టాడు. అడగనంటే అనుమానం వస్తుంది, ఎందుకంటే నేను ఏదీ అడగనని ఎప్పుడూ అన్నదాన్ని కాదు. విసితా గిన్నెతో బస్సు మెట్టు దగ్గరికి జరిగింది.

"ఎలాదియో గారూ," అన్నాను, "నిజం చెప్పండి. తినని మనిషి, ఇన్నేళ్లు మా అందరి చేపలూ ఎందుకు వాసన చూశారు?"

ఆయన ఫెర్మీన్‌ని చూశాడు, ఫ్వెన్సాంతాని చూశాడు. విసితా చేతిలోంచి గిన్నె అందుకుని, మూత తీసి, తీరిగ్గా వాసన చూసి, మళ్లీ మూత పెట్టుకున్నాడు.

"డాక్టరు నన్ను సముద్రం పీల్చుకోమని పంపాడమ్మా" అన్నాడు. "మీ ఊళ్లో సముద్రం సగం పళ్లేల్లోనే ఉంటుంది కదా."